ఊడలకు ఊతం, బాటకు హద్దు: పిల్లలమర్రి నుంచి పల్లె వనాల వరకు

మహబూబ్‌నగర్ పట్టణానికి సుమారు 4 కిలోమీటర్ల దూరంలో, 3 ఎకరాలకు పైగా విస్తరించిన పిల్లలమర్రి వృక్షం వయస్సు దాదాపు 700 సంవత్సరాలని ప్రతీతి. తల్లి మాను ఏదో, పిల్ల మాను ఏదో పోల్చుకోలేని విధంగా ఊడలు దిగి నేలలో పాతుకున్నందువల్లనే దీనికి ఆ పేరు సార్థకమైనది. పాలమూరు జిల్లాకు ప్రతీకగా భావించే ఈ వృక్షానికి చెందిన ఒక పెద్ద కొమ్మ 2017 డిసెంబరులో విరిగి నేలకూలిన సంగతి విదితమే. ఉద్యానవనాలను, వాటిని ఆనుకుని ఉండే నడకదారులను పోషించే పనిలో స్వచ్ఛందంగా పాలుపంచుకునే వారందరూ ఆ సంఘటన పూర్వాపరాలను తెలుసుకోవడం అవసరం.

కొమ్మ విరగడానికి వయస్సు ఒక్కటే కారణం కాదు. మానును చెదపురుగులు లోలోపల తొలిచివేసినట్లు పరిశీలనలో తేలింది. దీనికి తోడు ఏళ్ళ తరబడి సందర్శకులు కొమ్మలపై ఊగడం, బెరడుపై పేర్లు చెక్కడం వంటి చేష్టలు వృక్షాన్ని బలహీనపరచాయి. మర్రి ఊడ నేలను తాకేవరకు లేత వేరు మాత్రమే. దాని కొన తెగితే అది స్తంభంగా ఎదగవలసిన అవకాశం అంతటితో పోతుంది. దాని ఆసరాతో నిలువవలసిన కొమ్మ బరువంతా గాలిలోనే మిగిలిపోతుంది. కంటికి కనిపించని నష్టం మరొకటి ఉన్నది. వేలాది పాదాల తాకిడికి చెట్టు క్రింది మట్టి గట్టిపడుతుంది. మట్టి రేణువుల మధ్య ఖాళీలు మూసుకుపోయి వాన నీరు ఇంకదు, వేళ్ళకు గాలి అందదు. పైన ఆకు పచ్చగానే ఉన్నా క్రింద వేరు క్రమంగా క్షీణిస్తుంది.

సందర్శకులను నిలిపివేసి అటవీ అధికారులు చేపట్టిన చికిత్స 2018లో దేశవిదేశాల పత్రికల దృష్టిని ఆకర్షించింది. చెదను అరికట్టే క్లోర్‌పైరిఫాస్ మందును నీటిలో కలిపి తొలుత మానుకు చేసిన రంధ్రాలలోకి పంపగా, అది లోపల నిలువక వెలుపలికి కారిపోయింది. అప్పుడు ఆసుపత్రులలో రోగులకు ఎక్కించే సెలైన్ పద్ధతిని ఆశ్రయించి, సుమారు 2 మీటర్లకు ఒకటి చొప్పున సీసాలు వ్రేలాడదీసి, మందును చుక్కచుక్కగా ఎక్కించడం జరిగింది. బరువైన కొమ్మలకు సిమెంటు స్తంభాలు ఊతంగా నిలిపారు. లేత ఊడలను ఎరువు కలిపిన మట్టి నింపిన గొట్టాల గుండా నేలకు చేర్చారు. వృక్షం కోలుకున్నది. 2025 మే నెలలో ప్రపంచ సుందరి పోటీలలో పాల్గొన్న వివిధ దేశాల యువతులు పిల్లలమర్రిని సందర్శించారు.

ఇటువంటి అనుభవం ఇతర ప్రాంతాలకూ ఉన్నది. కోల్‌కతా సమీపంలోని హౌరా వృక్షోద్యానంలో గల మహావటం 1864, 1867 సంవత్సరాల తుపానులలో దెబ్బతిని, శిలీంధ్రం సోకగా 1925లో దాని మూల కాండాన్నే తొలగించవలసి వచ్చింది. నేడు ఆ వృక్షం కేవలం ఊడల బలంతో నిలిచి ఉన్నది. మర్రికి ఊడలే భవిష్యత్తు అనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

పూర్వపు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెల విషయానికి వస్తే, 2020 నుంచి గ్రామ గ్రామాన ఏర్పాటైన పల్లె ప్రకృతి వనాలలో మొక్కల మధ్య నడకదారులు కూడా ఉన్నాయి. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం నాటిన మొక్కలలో కనీసం 85 శాతం బ్రతికించే బాధ్యతను గ్రామ పంచాయతీపై ఉంచింది. పంచాయతీ నిధులలో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలని నిర్దేశించింది. నిధి, నిబంధన రెండూ ఉన్నప్పటికీ వేసవిలో మొక్కకు నీరు పోసేందుకు ఒక మనిషి కావాలి. అసలు చిక్కు ఇక్కడే ఉన్నది. పాలమూరు పల్లెలలో పంట పనులు ముగిసి కూలీలు వలసబాట పట్టే నెలలు, మొక్కకు నీరు అత్యవసరమైన నెలలు ఇంచుమించు ఒక్కటే. ఇతర ప్రాంతాలలో కాలువలు త్రవ్విన పాలమూరు కూలీల చేతులు సొంత ఊరి మొక్కకు పాదు చేసే అవకాశం పొందడం చిన్న విషయం కాదు. ఉపాధి హామీ పనుల క్రింద మొక్కల సంరక్షణకు కూలి చెల్లించే ఏర్పాటు ఈ దృష్ట్యా ప్రాధాన్యం గలది.

కూలి పనికి అందని లోటును పూరించేది స్వచ్ఛంద సేవయే. ఈ జిల్లాలలో దానికి కొరత లేదు. 2021లో మహబూబ్‌నగర్ జిల్లా స్వయం సహాయక సంఘాల మహిళలు 2 కోట్లకు పైగా విత్తన బంతులు తయారుచేశారు. అయితే విత్తన బంతి వానను నమ్ముకున్నది. విసిరిన తరువాత దాని వెంట ఎవరూ వెళ్ళరు. వనంలో నాటిన మొక్క అటువంటిది కాదు, కనీసం మూడు వేసవులు దాటేవరకు మనిషిని నమ్ముకుంటుంది.

ఎర్ర చల్క నేలలు త్వరగా ఆరిపోతాయి. రోజూ పైపైన చిలకరించే నీటికన్నా, కొన్ని రోజులకొకసారి పాదు నిండా పోసిన నీరు లోతుకు ఇంకి వేరును క్రిందికి లాగుతుంది. పాదుపై ఎండుటాకు పరచితే తేమ నిలుస్తుంది. రాలిన ఆకును పోగుచేసి తగులబెట్టడం మాత్రం తగదు. అందరూ శుభ్రత అనుకునే ఈ అలవాటే వేసవిలో వనాలకు ముప్పు తెస్తున్నది. నడకదారి అంచులలోని ఎండుగడ్డిని వేసవికి ముందే తొలగిస్తే నిప్పు వ్యాపించకుండా అడ్డుపడుతుంది. దారి ప్రక్కన రాళ్ళు పేర్చి హద్దు చూపితే పాదాలు ఆ హద్దులోనే ఉంటాయి, మొక్కల మొదళ్ళలో మట్టి గుల్లగా మిగులుతుంది. మానుపై మట్టిగూళ్ళు కనిపించిన వెంటనే తెలియజేయడం అన్నిటికన్నా ముఖ్యమైన సేవ. చెదను మొదటి నెలలో గుర్తిస్తే పోయే ఖర్చు స్వల్పం. ఆలస్యమైతే ఎంత శ్రమ పడవలసి వస్తుందో పిల్లలమర్రి విషయంలో చూసినదే. మందును మాత్రం సొంతంగా వాడరాదు.

ఈ పనులలో పాల్గొనదలచిన యువజన సంఘాలు, మహిళా సంఘాలు, పాఠశాలల హరిత బృందాలు గ్రామాలలో పంచాయతీ కార్యదర్శిని, అటవీ భూములలోని దారుల విషయమై స్థానిక అటవీ రేంజ్ అధికారిని ముందుగా సంప్రదించవలసి ఉంటుంది.