సన్నని ల్యాప్‌టాప్ కొంటున్నారా? స్లో అవ్వకూడదంటే ముందు ఇవి చూడండి

ఫైనలియర్‌లో ఒక కంపెనీ ఆన్‌లైన్ కోడింగ్ టెస్ట్ రాస్తున్నా. టైమర్ నడుస్తోంది, నా ల్యాప్‌టాప్ మాత్రం నడవట్లేదు. వెనకాల విండోస్ అప్‌డేట్ మొదలైంది, బ్రౌజర్ తెల్లగా అయిపోయి అలాగే ఉండిపోయింది. అది మళ్లీ కదిలేసరికి 20 నిమిషాలు పోయాయి. ఆ జాబ్ కూడా పోయింది.

నాన్న కొనిచ్చిన ఆ ల్యాప్‌టాప్‌ని ఏరికోరి సెలెక్ట్ చేసింది నేనే. సన్నగా ఉంది, తేలిగ్గా ఉంది, రేటు తక్కువ. 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్. ఆ స్టోరేజ్ పక్కనే ‘ఈఎంఎంసీ’ అని చిన్న అక్షరాల్లో రాసి ఉంది, నేనే పట్టించుకోలేదు. ఇప్పుడు మా చెల్లి బీటెక్‌లో చేరుతోంది. ‘అన్నయ్యా, ఇది సన్నగా బాగుంది కదా’ అంటూ ఒక లింక్ పంపింది. తనకి చెప్పిన మాటలే మీకూ చెప్తున్నా.

మార్చలేని దాని మీద డబ్బు పెట్టండి

సన్నని ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ర్యామ్ మదర్‌బోర్డుకే అతికించి వస్తుంది. తర్వాత పెంచుకోవడం కుదరదు. ర్యామ్ నిండిపోతే విండోస్ కొంత డేటాని స్టోరేజ్‌లోకి తోస్తుంది. ఎంత మంచి ఎస్‌ఎస్‌డీ అయినా ర్యామ్ అంత వేగంగా ఉండదు కాబట్టి అక్కడే ల్యాప్‌టాప్ నత్తనడక మొదలవుతుంది. అందుకే 8 జీబీ ర్యామ్ ప్లస్ 1 టీబీ స్టోరేజ్, 16 జీబీ ర్యామ్ ప్లస్ 512 జీబీ స్టోరేజ్ ఒకే రేటుకి వస్తుంటే నేను కళ్లు మూసుకుని రెండోదే తీసుకుంటా. ఎం.2 స్లాట్ ఉంటే ఎస్‌ఎస్‌డీని తర్వాత మార్చుకోవచ్చు.

అయితే ఆ స్లాట్ నిజంగా ఉందో లేదో, ఏ సైజో ముందే కనుక్కోండి. 2280 అంటే 22 మి.మీ. వెడల్పు, 80 మి.మీ. పొడవు. కొన్ని సన్నని మోడల్స్‌లో 30 మి.మీ. పొడవుండే 2230 మాత్రమే పడుతుంది. కొన్నిటిలో స్టోరేజ్ కూడా అతికించే ఉంటుంది. అలాంటివైతే మొదటే పెద్ద సైజ్ తీసుకోవాలి.

బాక్స్ మీద స్పీడ్ చూసి మోసపోవద్దు

ఈఎంఎంసీ గరిష్ఠంగా సెకనుకి 400 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. సాటా ఎస్‌ఎస్‌డీ 550 వరకు, పీసీఐఈ జెన్ 3 ఎన్‌వీఎంఈ 3,500 వరకు, జెన్ 4 సుమారు 7,000 వరకు వెళ్తాయి. కానీ ఇవన్నీ ఒకే పెద్ద ఫైల్‌ని వరసగా చదివినప్పటి లెక్కలు. యాప్ ఓపెన్ చేసినప్పుడు, కోడ్ బిల్డ్ చేసినప్పుడు ఎస్‌ఎస్‌డీ చదివేది వేలకొద్దీ చిన్న చిన్న ముక్కలు. అక్కడ జెన్ 3కీ జెన్ 4కీ తేడా పెద్దగా తెలీదు. పైగా సన్నని బాడీలో వేడి బయటికి పోయే దారి తక్కువ. వేడెక్కితే ఫాస్ట్ ఎస్‌ఎస్‌డీ కూడా తన స్పీడ్ తానే తగ్గించుకుంటుంది.

దానికంటే టీఎల్‌సీనా, క్యూఎల్‌సీనా అన్నది చూడండి. టీఎల్‌సీలో ఒక్కో సెల్‌లో 3 బిట్లు, క్యూఎల్‌సీలో 4 బిట్లు ఉంటాయి. క్యూఎల్‌సీ చవక, కానీ ఎక్కువ డేటా రాసేటప్పుడు త్వరగా నీరసపడుతుంది. రెండూ ఖాళీ జాగాలో కొంత భాగాన్ని వేగమైన క్యాష్‌లా వాడుకుంటాయి. డిస్క్ నిండేకొద్దీ ఆ క్యాష్ తగ్గిపోతుంది. కొన్న రోజు రాకెట్‌లా ఉన్న ల్యాప్‌టాప్ ఏడాదికి నీరసపడటానికి ఇదొక కారణం. కనీసం 15-20 శాతం ఖాళీగా ఉంచండి.

పైసా ఖర్చు లేని పనులు

టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ యాప్స్ ఓపెన్ చేసి అవసరం లేనివి ఆపేయండి. కొత్త ల్యాప్‌టాప్‌తో వచ్చే ట్రయల్ యాంటీవైరస్ తీసేయండి. మామూలు వాడకానికి విండోస్‌లో ఉన్న డిఫెండర్ చాలు. ఎస్‌ఎస్‌డీకి పాతకాలం డీఫ్రాగ్ టూల్స్ వాడొద్దు, విండోస్ తనే ట్రిమ్ చేసుకుంటుంది.

నాలాగా డబ్ల్యూఎస్‌ఎల్ 2 వాడేవాళ్లకి ఒక మాట. అది డిఫాల్ట్‌గా సగం ర్యామ్ వరకు తీసుకోగలదు. కాన్ఫిగ్ ఫైల్‌లో లిమిట్ పెట్టండి. లోపల ఫైల్స్ డిలీట్ చేసినా దాని వర్చువల్ డిస్క్ సైజ్ మామూలుగా తనంతట తాను తగ్గదు, అప్పుడప్పుడు కాంపాక్ట్ చెయ్యాలి.

ఎస్‌ఎస్‌డీ మార్చే ముందు బ్యాకప్‌తో పాటు బిట్‌లాకర్ రికవరీ కీ కూడా దాచుకోండి. అది లేకపోతే మీ డేటా మీకే దొరకని పరిస్థితి రావచ్చు.

చివరికి చెల్లికి 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎన్‌వీఎంఈ, మార్చుకోగల స్లాట్ ఉన్నది తీసుకున్నాం. తను పంపిన లింక్‌లో దానికన్నా కాస్త లావుగా ఉందని రెండు రోజులు అలిగింది.

నా పాత ల్యాప్‌టాప్ ఇంకా ఇంట్లోనే ఉంది. విండోస్ తీసేసి లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ వేశా. ఈఎంఎంసీ స్పీడ్ ఏం పెరగలేదు, దాని మీద పడే బరువు తగ్గింది అంతే. నాన్న ఇప్పుడు దాంట్లోనే కరెంటు బిల్లు కడతారు. ఎప్పుడూ హ్యాంగ్ అవ్వలేదట. నా టెస్ట్ రోజు కూడా అలా ఉండుంటే ఎంత బాగుండేదో!