కొలవకుండా కొన్న కుర్చీ

మా సంఘంలో ఒక పెద్దావిడ ఉంది. ఊరంతా ఆమెను మామ్మగారనే పిలుస్తారు. ఆదివారం తెల్లవారకముందే వచ్చి మందిరం ఊడ్చి, చాపలు పరిచి, మొదటి వరుసలో కూర్చునే మనిషి. ఆమెకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. తరువాత ఆరు నెలలపాటు వెనక గదిలోని నవారు మంచమే ఆమె లోకమైపోయింది. క్రిస్మస్ రోజున మాత్రం నలుగురు కుర్రవాళ్లు ఆమెను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, కుర్చీతో సహా మందిరానికి మోసుకొచ్చారు. పక్షవాయువు గలవానిని నలుగురు మోసుకొచ్చిన సంగతి మనం ఎన్నోసార్లు విన్నదే. అయితే మన ఊళ్లలో ఆ నలుగురు ప్రతి ఆదివారమూ దొరకరు. కోతల రోజుల్లో అసలే దొరకరు.

అందుచేత సంఘమంతా తలా కొంత వేసుకొని ఆమెకొక మడత చక్రాల కుర్చీ కొనాలనుకున్నాం. డబ్బు నా చేతికిచ్చారు. నేను పట్టణం వెళ్లి, ఒక దుకాణంలో "మంచిది చూసి ఇవ్వండి" అన్నాను. అతడు తళతళ మెరిసే ఇనుప కుర్చీ ఒకటి తెచ్చి ముందు పెట్టాడు. ఎవరికోసమని అతడు అడగలేదు, నేను చెప్పలేదు. బట్టల కొట్టుకు వెళితే చొక్కా సైజు అడుగుతారు, చెప్పుల కొట్టులో పాదం కొలుస్తారు. రోజంతా మనిషి కూర్చోవలసిన కుర్చీకి మాత్రం కొలత ఉంటుందని నాకు తోచనే లేదు. ఇంటి ముందు ప్రార్థన చేసి ఆమెను కూర్చోబెట్టాం, ఫొటో కూడా దిగాం.

మూడు వారాల తరువాత వెళ్లి చూస్తే కుర్చీ తలుపు మూల మడిచి ఉంది, దానిమీద తువ్వాళ్లు ఆరేసి ఉన్నాయి. మామ్మగారు మళ్లీ మంచం మీదే ఉంది. ఆమె కోడలు కాస్త సంకోచించి, "అయ్యగారూ, ఏమీ అనుకోకండి. అత్తయ్యనైతే నేనొక్కదాన్నే పట్టుకొని ఆటో ఎక్కించగలను గాని, ఈ కుర్చీని ఎత్తలేకపోతున్నానండి" అన్నది. అసలు సంగతి అంతకంటె పెద్దది. మామ్మగారి నడుము దిగువన, తోక ఎముక మీద పుండు లేచింది. ఆ పుండు మానడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ నర్సమ్మ వచ్చి కట్టు మార్చినప్పుడల్లా నేను ఆ ఇంటి గుమ్మంలో నిలబడడానికే సిగ్గుపడ్డాను.

ఏమి జరిగిందో తరువాత ఒక ఫిజియోథెరపిస్టు నాకు వివరంగా చూపించాడు. మామ్మగారు బక్కపలుచని మనిషి. నేను తెచ్చిన కుర్చీ సీటు 18 అంగుళాల వెడల్పు. దుకాణాల్లో ఎక్కువగా నిలువ ఉండేది అదే కొలత. అందులో ఆమె ఒక ప్రక్కకు ఒరిగిపోయింది. సీటు లోతు కూడా ఎక్కువే గనుక మోకాళ్లు వంచుకోవడానికి ముందుకు జారి, తోక ఎముక మీద బరువంతా పెట్టి కూర్చున్నది. పాదాలు పలకలకు అందక వ్రేలాడాయి. దిండు లేదు. ఇన్ని కలిసిన తరువాత పుండు లేవకుంటేనే ఆశ్చర్యం.

ఈ మడత కుర్చీ పుట్టుక కూడా ఇక్కడ చెప్పుకోదగినదే. అమెరికాలో హెర్బర్ట్ ఎవరెస్ట్ అనే ఇంజనీరు గని ప్రమాదంలో వెన్ను విరిగి నడవలేకపోయాడు. ఆనాటి చక్రాల కుర్చీలు మోటుగా, బరువుగా ఉండేవి, కారులో పట్టేవి కావు. అతని స్నేహితుడు హ్యారీ జెన్నింగ్స్ కూడా ఇంజనీరే. ఇద్దరూ కలిసి 1933లో ఉక్కు గొట్టాలతో, మడిచి కారులో పెట్టుకోగల కుర్చీ తయారుచేశారు. సీటు క్రింద రెండు గొట్టాలు కత్తెరలాగ ఒకదాని మీదుగా ఒకటి పోతాయి. సీటు గుడ్డను మధ్యలో పట్టి పైకి లాగితే రెండు ప్రక్కలూ దగ్గరకు వస్తాయి. ఈనాటికీ మనం చూసే మడత కుర్చీలు చాలావరకు ఆ పద్ధతివే.

అయితే ఇందులో ఒక చిక్కు ఉన్నది. మడవాలంటే సీటు గుడ్డతోనో రెక్సిన్‌తోనో ఉండాలి, చెక్క పనికిరాదు. గుడ్డ కొన్నాళ్లకు ఉయ్యాలలా దిగబడుతుంది. అప్పుడు తొడలు రెండూ దగ్గరకు వచ్చి, నడుము వంగి, మనిషి ఒక ప్రక్కకు ఒరుగుతాడు. మోసుకుపోవడానికి వీలిచ్చే మడతే కూర్చున్నవారికి కష్టం తెస్తుందన్నమాట. దీనికి విరుగుడు దిండు. కనీసం రెండు అంగుళాల మందం గల గట్టి స్పాంజి దిండు, అవసరమైతే దాని క్రింద పలుచని చెక్క పలక. మడిచేటప్పుడు రెండూ తీసి ప్రక్కన పెట్టుకోవచ్చు. దిండు వేరే కొనాలంటే చాలామంది వెనుకాడతారు. నా మట్టుకు నేను, మెరుపు తక్కువ కుర్చీనైనా కొని దిండుకు డబ్బు మిగుల్చుకోమంటాను. గాలి నింపిన గుండ్రటి ట్యూబు మాత్రం వేయకండి. అది చుట్టూ ఒత్తి మధ్యలో రక్తం ఆడకుండా చేస్తుంది. వెన్నుపూస దెబ్బతిని నడుము క్రింద స్పర్శ లేనివారికి మామూలు స్పాంజి చాలదు. వారి దిండు సంగతి డాక్టరునో ఫిజియోథెరపిస్టునో అడిగి నిర్ణయించాలి.

ఇప్పుడు కొలతలు. దర్జీ టేపు ఉంటే చాలు. మనిషిని గట్టి బల్లమీద నిటారుగా కూర్చోబెట్టి, తుంటికి రెండు వైపులా రెండు పుస్తకాలు నిలువుగా ఆనించి, వాటి మధ్య దూరం కొలవండి. సీటు వెడల్పు దానికి సరిగ్గా ఉండాలి, మించితే ఒక్క అంగుళం. కూర్చున్న తరువాత తుంటికీ కుర్చీ ప్రక్కకూ మధ్య అరచేయి దూరితే సరిపోయినట్టు, పిడికిలి దూరితే కుర్చీ పెద్దదైనట్టు. "కాస్త వదులుగా ఉంటే సుఖం గదా" అనుకోవడం చొక్కాల విషయంలో చెల్లుతుందేమో గాని ఇక్కడ చెల్లదు. తరువాత లోతు. పిరుదుల వెనుక భాగం నుండి మోకాలి వెనుక మడతవరకు కొలిచి, అందులోనుంచి రెండు అంగుళాలు తగ్గించాలి. ఆ ఖాళీ లేకపోతే సీటు అంచు మోకాలి వెనుక నరాలను ఒత్తుతుంది.

పాదాల పలకల ఎత్తును దిండు వేసిన తరువాతే చూడాలి, మొదటే చూస్తే లెక్క తప్పుతుంది. తొడ పూర్తిగా సీటుకు ఆనాలి. పలక క్రిందికి ఉంటే కాళ్లు వ్రేలాడి మనిషి ముందుకు జారతాడు. పైకి ఉంటే మోకాళ్లు లేచి బరువంతా పిరుదుల మీద పడుతుంది. పలకకూ నేలకూ మధ్య రెండు అంగుళాలైనా ఎడం లేకపోతే మన రోడ్ల మీద ప్రతి గడ్డకూ తగులుతుంది. ఇక వీపు ఆనే గుడ్డ. తనంతట తాను చక్రాలు త్రోసుకొనేవారికి అది రెక్కల ఎముక క్రిందికే ఉంటే చేతులు ఆడతాయి. నడుము నిలపలేనివారికి పైదాకా ఉండాలి.

పక్షవాతం వచ్చిన వారి విషయంలో నాకు అంతకుముందు తెలియని ఒక మాట ఆ ఫిజియోథెరపిస్టు చెప్పాడు. ఒక ప్రక్క బాగున్నవారు ఆ చేతితో చక్రం త్రోస్తూ, ఆ కాలితో నేలను తన్నుకుంటూ కుర్చీని నడుపుకోగలరట. దానికి రెండే కావాలి. దిండుతో కలిపి కూడా మడమ నేలకు ఆనేటంత తక్కువ ఎత్తులో సీటుండాలి, బాగున్న కాలి ప్రక్కనున్న పలక ఊడివచ్చేదై ఉండాలి. నేను కొన్న కుర్చీలో ఆ రెండూ లేవు.

మోసేవారి సంగతి కూడా ఆలోచించాలి. ఇనుప కుర్చీ సుమారు 17 నుండి 20 కిలోలు తూగుతుంది, అల్యూమినియంది 11 నుండి 14 కిలోలు. వినడానికి స్వల్పమే. కాని ఆసుపత్రికో, బంధువుల ఇంటికో తీసుకువెళ్లే కోడలో కూతురో దాన్ని ఒక్కతే ఎత్తి ఆటో వెనుక పెట్టాలి. ఆమెనే దుకాణానికి తీసుకువెళ్లి మడిపించి, ఎత్తించి చూడండి. కొట్టువాడు ఒంటిచేత్తో ఎత్తి చూపించడం మనకు సాక్ష్యం కాదు. పలకలు, వీలైతే వెనుక చక్రాలు కూడా ఊడివచ్చే రకమైతే బరువును రెండు మూడు దఫాలుగా పెట్టుకోవచ్చు. మడిచాక కుర్చీ సుమారు ఒక అడుగు మందం ఉంటుంది. దారిలో విచ్చుకోకుండా ఒక పట్టీతో బిగించాలి. తెరిచేటప్పుడు సీటు అంచుల గొట్టాలను అరచేతులతో క్రిందికి నొక్కాలి, వేళ్లు లోపలికి పెట్టరాదు. మా సండే స్కూల్ పిల్లవాడొకడు వేలు నలుపుకొని ఈ పాఠం నేర్చుకున్నాడు.

నాలుగు చక్రాలూ చిన్నవిగా ఉండే రకం ఒకటి వస్తుంది. ఎనిమిది, పది కిలోలే ఉంటుంది గనుక ఎవరికైనా ముచ్చటేస్తుంది. ఆసుపత్రి వరండాలో, రైల్వే స్టేషన్లో అది బాగానే నడుస్తుంది. మన కాలువగట్టు మీద మాత్రం మొదటి గుంటలోనే ఆగిపోతుంది. పైగా కూర్చున్నవారు దాన్ని తామే త్రోసుకోలేరు, ఎప్పుడూ ఎవరో ఒకరు వెనుక ఉండాలి. పల్లెటూరికి వెనుక పెద్ద చక్రాలు, ముందు వీలైనంత పెద్దవి, వెడల్పైనవి కావాలి. గాలి నింపే టైర్లు కుదుపు తగ్గిస్తాయి గాని పంక్చరవుతాయి, గట్టి రబ్బరువి పంక్చరు కావు గాని నడుమును కుదిపేస్తాయి. ఊళ్లో సైకిల్ షాపు ఉంటే గాలివే మేలు. ఆ కొలత ట్యూబు అతని దగ్గర దొరుకుతుందో లేదో ముందే అడగండి. ఒక జాగ్రత్త, బ్రేకు టైరును నొక్కి పట్టుకుంటుంది గనుక గాలి తగ్గితే బ్రేకు కూడా పట్టదు.

ఇంటి తలుపులు కొలవడం మరవకండి. తెరిచిన కుర్చీ మొత్తం వెడల్పు సీటు కంటె సుమారు 8 అంగుళాలు ఎక్కువ. 18 అంగుళాల సీటంటే 26 అంగుళాల కుర్చీ. మామ్మగారి స్నానాలగది తలుపు 25 అంగుళాలు! మెట్ల దగ్గర వాలుబాట కట్టాలంటే ఒక అంగుళం ఎత్తుకు పన్నెండు అంగుళాల పొడవు ఉండాలి. అంటే ఆరు అంగుళాల మెట్టుకు ఆరు అడుగులు. మా మందిరానికి రెండు మెట్లు గనుక పన్నెండు అడుగులు పట్టింది. మొదట ఒక తాపీమేస్త్రి "నాలుగడుగులు చాలండి" అన్నాడు. చెక్క పలక వేసి త్రోసి చూపిస్తే తానే ఒప్పుకున్నాడు. వాలు దిగేటప్పుడు కుర్చీని వెనక్కి త్రిప్పి, త్రోసేవారు ముందు నడుస్తూ మెల్లగా దింపాలి. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు బ్రేకులు వేసి, పాదాల పలకలు పైకి మడవాలి. పలకల మీద నిలబడితే కుర్చీ ముందుకు బోల్తాపడుతుంది. కుర్రవాళ్లు మనిషితో సహా ఎత్తవలసి వస్తే వెనుక పిడులు, ముందు గట్టి గొట్టాలు పట్టుకోవాలి. చేతులు ఆన్చేవి చాలా కుర్చీల్లో ఊడివస్తాయి.

ఎంత మంచి కుర్చీ అయినా అరగంటకోసారి ముందుకో ప్రక్కకో వాలి పిరుదుల మీది బరువు తీయాలి. తమకు తాము చేసుకోలేనివారిని ఇంట్లోవారు పట్టుకొని వాల్చాలి. రాత్రి పడుకోబెట్టేటప్పుడు చర్మం చూడండి. ఎర్రని మచ్చ కనబడి అరగంటలో పోకపోతే, అది పోయేవరకు దానిమీద కూర్చోబెట్టకూడదు.

కొనలేనివారికి ప్రభుత్వపు దారి ఉన్నది. వికలాంగులకు ఉపకరణాలిచ్చే అడిప్ పథకం 1981 నుండి ఉన్నది, దానికి 40 శాతం వైకల్యమున్నట్టు ధ్రువపత్రం కావాలి. 60 ఏళ్లు దాటిన పేదలకోసం రాష్ట్రీయ వయోశ్రీ యోజన వచ్చింది. దాన్ని 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే ప్రారంభించారు. ఉపకరణాలను కాన్పూరులోని ప్రభుత్వ సంస్థ అలింకో సరఫరా చేస్తుంది. ముందు పరీక్షా శిబిరం పెట్టి పేర్లు వ్రాసుకుంటారు, తరువాత మరొకరోజు పంచుతారు. మొదటి శిబిరానికి మనిషిని స్వయంగా తీసుకువెళ్లి, మీరు కొలిచిన కొలతల కాగితం చూపించండి. పంచేరోజున అడిగితే ఉన్నది తీసుకోవడమే అవుతుంది.

ఇక మా సంగతి. పుండు మానిన తరువాత ఈసారి మామ్మగారిని, కోడలిని కూడా ఆటోలో తీసుకువెళ్లాను. 16 అంగుళాల అల్యూమినియం కుర్చీ తీసుకున్నాం. బరువు 12 కిలోలు, సీటు తక్కువ ఎత్తు, ఎడమ పలక ఊడివస్తుంది. దిండు విడిగా కొన్నాం. పాత కుర్చీ ప్రక్క ఊరిలో ఒక భారీ మనిషికి, కొలిచి చూసిన మీదటే, ఇచ్చాం. మామ్మగారు నాలుగు రోజులు తంటాలుపడి ఎడమ కాలితో తన్నుకోవడం పట్టు చిక్కించుకుంది. ఇప్పుడు వెనక గదినుంచి అరుగుదాకా ఎవరినీ పిలవకుండా వస్తుంది. ఆదివారం కోడలు ఆమెను మందిరానికి తెస్తుంది. మొన్న వాలుబాట ఎక్కి లోపలికి వస్తూనే, చాపలు వంకరగా పరిచారని ముందు వరుస పిల్లలను గట్టిగా కేకలేసింది.