జ్వరంలో ఉన్న పురుగును కదిలించకండి

ఎండలు ముదిరాయి. కుందారపల్లి చుట్టుపక్కల మనవి ఎక్కువగా రేకుల షెడ్లే కదా, ఈ మాట గుర్తుంచుకోండి.

పట్టుపురుగుకు సొంత వేడి లేదు. ఇల్లు ఎంత కాగితే దాని ఒళ్లూ అంతే కాగుతుంది. చాకీ పురుగుకు 27–28 డిగ్రీల వేడి, 85 శాతం తేమ కావాలి. పెద్ద పురుగుకు 24–25 డిగ్రీలు, 70–75 శాతం తేమ చాలు. రేకుల మీద కొబ్బరి మట్టలు పరచండి. మధ్యాహ్నం కిటికీలకు తడి గోనెలు కట్టండి, గాలి మాత్రం ఆడనివ్వండి. థర్మామీటరు తలుపు దగ్గర కాదు, స్టాండు మధ్యలో వేలాడదీయండి.

జ్వరానికి కూర్చోగానే పద్ధతి మారాలి. తల ఎత్తి కదలకుండా ఉన్న పురుగు లోపల పాత చర్మం వదులుకుంటోంది. అప్పుడు మేత ఆపండి, తడి గోనెలు తీసేయండి, పడక మీద సున్నం పొడి చల్లి ఆరబెట్టండి. నాలుగో జ్వరం ఒక రోజు పైనే పడుతుంది.

కొన్ని లేచాయని తొందరపడి ఆకు వేస్తే లేవనివి ఆకు కింద పడిపోతాయి, పంట ఎచ్చుతగ్గులవుతుంది. నూటికి 95 లేచాక విజేత పొడి చల్లి, అరగంట ఆగి మేత వేయండి. ఆ ఒక్క రోజు ఓపికే గూటి బరువు.