పెట్టె మీద 525, సూరత్ మేడ మీద 70

ఆన్‌లైన్‌లో టెలిస్కోప్ కోసం వెతికితే ముందుగా కంటపడేది పెట్టె మీద పెద్దక్షరాల్లో వేసిన '525 రెట్లు'. ధర చూస్తే నాలుగైదు వేలే. సూరత్‌లో ఉండే, ఆకాశం పిచ్చి పట్టిన మేనకోడలికి పుట్టినరోజు కానుకగా సిరిసిల్లలోని మేనమామ దాన్నే బుక్ చేసి సూరత్ అడ్రసు ఇచ్చేస్తాడు. లెక్క ప్రకారం ఆ అంకెలో తప్పేమీ లేదు. ఎలా వచ్చిందో తెలిస్తే దాని జోలికి పోరు, అంతే.

టెలిస్కోప్ ఎన్ని రెట్లు పెద్దదిగా చూపిస్తుందనేది చిన్న భాగహారం. గొట్టం ఫోకల్ లెంత్‌ను, కన్ను ఆనించే ఐపీస్ ఫోకల్ లెంత్‌తో భాగించాలి. 700 మి.మీ. గొట్టానికి 25 మి.మీ. ఐపీస్ పెడితే 28 రెట్లు, 10 పెడితే 70, 4 పెడితే 175. మధ్యలో మూడింతలు చేసే బార్లో లెన్స్ ఒకటి దూరిస్తే 175 మూళ్లు 525. ఇంకా చిన్న ఐపీస్ దొరికితే వెయ్యి అని కూడా వేసుకోవచ్చు, అడిగేవాడు లేడు.

ఆ గొట్టం లోపలికి వచ్చే వెలుతురు మాత్రం అడుగుతుంది. ముందు కటకం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో దానికి రెట్టింపు దాకానే పెంచడం వల్ల ఉపయోగం. 525 అని రాసిన ఆ టెలిస్కోప్ కటకం సాధారణంగా 60 మి.మీ. ఉంటుంది కాబట్టి దాని హద్దు 120. అది దాటితే బొమ్మ సాగుతుందే తప్ప కొత్త వివరం ఒక్కటీ కనపడదు. 120 దగ్గర ఉన్న వెలుతురులో 525 దగ్గరకొచ్చేసరికి పంతొమ్మిదో వంతు మిగులుతుంది.

ఇంకో చిక్కుంది. భూమి తిరుగుతుంటుంది కాబట్టి ఆకాశం నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ చొప్పున జరుగుతుంది. మామూలు ఐపీస్‌లో 70 రెట్ల దగ్గర కనిపించే ఆకాశం ముక్క ముప్పావు డిగ్రీకి కాస్త తక్కువ. గురుగ్రహం ఒక అంచున వచ్చి ఇంకో అంచున పోవడానికి దాదాపు మూడు నిమిషాలు పడుతుంది. 525 దగ్గర ఇరవై మూడు సెకన్లు. మీరు గురుణ్ణి పట్టుకుని, పక్కకు తప్పుకుని, పిల్ల కన్ను ఆనించేలోపు గ్రహం దాటిపోతుంది. పిల్లకు కనిపించేది నల్లటి వలయం. రెండు రోజులకు టెలిస్కోప్ అటక మీదికి వెళ్లిపోతుంది.

అందుకని పెట్టె మీద చూడాల్సిన మొదటి అంకె కటకం వ్యాసం. చీకట్లో మన కంటిపాప 7 మి.మీ. దాకా విచ్చుకుంటుంది. 50 మి.మీ. కటకం దానికి 51 రెట్ల వెలుతురు పడుతుంది, 70 మి.మీ.ది 100 రెట్లు, 130 మి.మీ. అద్దం 345 రెట్లు. వ్యాసం రెట్టింపైతే వెలుతురు నాలుగింతలవుతుంది కాబట్టి పది మిల్లీమీటర్లే కదా అని తీసిపారేయకూడదు. మన దగ్గర సొంతంగా టెలిస్కోప్ పెట్టుకున్న తొలి తరంవాళ్లలో గోడే వెంకట జగ్గారావు ఒకరు. 1840లో విశాఖపట్నం డాబా గార్డెన్స్‌లో ఆయన సొంత అబ్జర్వేటరీ కట్టుకున్నారు. ఆయన తర్వాత దాన్ని నడిపిన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874లో అక్కడ అమర్చుకున్న కుక్ కంపెనీ టెలిస్కోప్ కటకం ఆరంగుళాలు, అంటే సుమారు 150 మి.మీ. అది ఆనాడు జమీందారీ ఇంటి వైభవం. ఈనాడు అంతే వ్యాసం ఉన్న అద్దం టెలిస్కోప్ ఒక మంచి స్మార్ట్‌ఫోన్ ధరకు వస్తోంది.

అలాగని ఎంత పెద్దదైతే అంత మంచిదనుకుని సూరత్‌కు పంపితే డబ్బు దండగయ్యే వీలుంది. ఆ ఊరి ఆకాశం సంగతి చూడాలి. చుట్టూ ఏ వెలుగూ లేని పల్లెలో అమావాస్య రాత్రి ఒక్కసారిగా నాలుగున్నర వేల నక్షత్రాల దాకా కంటికి ఆనతాయి. వస్త్ర మార్కెట్లు, ఫ్లైఓవర్లు, ఎల్‌ఈడీ దీపాలు నిండిన సూరత్ లాంటి నగరంలో, నాలుగో పరిమాణం (మాగ్నిట్యూడ్) నక్షత్రాలే కష్టమ్మీద కనిపించే చోట, అవి రెండున్నర వందలకు మించవు. లింబాయత్, ఉధనా వైపు మన పద్మశాలి కుటుంబాలుండే వీధుల్లో దీపాలకు కొదవేమీ లేదు. పెద్ద కటకం ఆ దీపాల వెలుగును కూడా అంతే పెద్దగా పట్టుకుంటుంది. గెలాక్సీల్లాంటి పలచని వెలుగులు అందులో కలిసిపోతాయి. టెలిస్కోప్ ఎంత పెద్దదైనా నగరం నడుమ ఆండ్రోమెడా గెలాక్సీ బూడిదరంగు మరకే.

నగరం చెరపలేనివి మాత్రం కొన్నున్నాయి. చంద్రుడు, గురుడు, శని, నెలవంకలా కనిపించే శుక్రుడు, కృత్తికలు, జంట నక్షత్రాలు. గురుడి నాలుగు చంద్రుల్ని 1610 జనవరిలో గెలీలియో చూసింది ఇరవై రెట్ల టెలిస్కోప్‌తో. గురుడు మనకు దగ్గరగా ఉన్నప్పుడు సుమారు 45 ఆర్క్ సెకన్ల వెడల్పుంటాడు. 40 రెట్లు పెంచితే చాలు, మామూలు కంటికి పున్నమి చంద్రుడు ఎంత కనిపిస్తాడో అంతవుతాడు. పిల్లలు మాత్రం ఒప్పుకోరు, ఇంతేనా అంటారు. నల్లటి వలయం మధ్యలో ఏదైనా చిన్నదిగానే తోస్తుంది. ఫోన్‌లో నాసా ఫొటోలు చూసి వచ్చిన కళ్లకు ఆ మాట ముందే చెప్పి ఉంచడం మంచిది. శని వలయాలు 2025 మార్చిలో మనకు అంచుకట్టుగా తిరిగి సన్నటి గీతలా మారాయి. అక్కడి నుంచి మెల్లగా తెరుచుకుంటూ 2032 నాటికి బాగా విచ్చుకుంటాయి. కాబట్టి ఇప్పుడిచ్చే కానుక ఏటికేడు మెరుగ్గా చూపిస్తుంది.

తెలుగింటి పిల్లకు మొదట చూపించదగ్గది నా లెక్కలో అరుంధతి. పెళ్లిలో పట్టపగలు కల్యాణమండపం కప్పులోంచి పురోహితుడు చూపించే నక్షత్రమే. సప్తర్షుల తోకలో మధ్యనున్నవాడు వసిష్ఠుడు, పక్కనే మసగ్గా అరుంధతి. ఇద్దరి మధ్య ఎడం 12 ఆర్క్ నిమిషాలు, చంద్రబింబం వెడల్పులో సగం కూడా లేదు. సూరత్ మేడ మీద ఉత్త కళ్లకు అరుంధతి దొరకడం కష్టం. మే నెలాఖరున రాత్రి తొమ్మిదిన్నరకు వాళ్లు ఉత్తరాన 56 డిగ్రీల ఎత్తులో ఉంటారు. 70 మి.మీ. గొట్టంలో 25 ఐపీస్ పెట్టి చూస్తే ఇద్దరూ హాయిగా ఒకే వలయంలో ఇముడుతారు. అప్పుడు ఐపీస్ మార్చి 10 పెట్టండి. వసిష్ఠుడే రెండుగా చీలుతాడు. ఆ రెండింటి మధ్య ఎడం 14 ఆర్క్ సెకన్లు, 70 మి.మీ. కటకం సిద్ధాంతం ప్రకారం 1.7 సెకన్ల దాకా విడదీయగలదు కాబట్టి ఇది దానికి చిటికెలో పని. గెలీలియో, ఆయన శిష్యుడు కస్తెల్లి ఆ జంటను 1617లోనే చూశారు. నగరం వెలుగు దీన్ని ఏమీ చేయలేదు.

ఇక అందరూ వదిలేసేది, నా దృష్టిలో కటకంతో సమానమైనది, స్టాండు. సూరత్ అక్షాంశం 21 డిగ్రీలు. అంటే ధ్రువనక్షత్రం అక్కడ 21 డిగ్రీల ఎత్తులోనే, చాలా మేడల మీద పక్కింటి నీళ్ల ట్యాంకు చాటున ఉంటుంది. ధ్రువుడి వైపు అక్షాన్ని వంచి బిగించే ఈక్వటోరియల్ స్టాండు అంత కిందికి వంగితే బరువు కడ్డీ కాళ్లకు తగలడం, గొట్టం తూగడం మామూలు. కొత్తవాళ్లకు అది వద్దు. కుడి ఎడమలకు, పైకి కిందికి తిరిగే ఆల్ట్ అజిముత్ రకం చాలు. దానికీ ఒక పరీక్ష ఉంది. గ్రహాలు ఉత్తరానికి బాగా జరిగినప్పుడు సూరత్‌కు దాదాపు నడినెత్తి మీదుగానే పోతాయి. 2026 జనవరి 10న గురుడు సూర్యుడికి సరిగ్గా ఎదురుగా ఉన్న రాత్రి, అర్ధరాత్రి దాటాక పావు తక్కువ ఒంటిగంటకు సూరత్ మేడల మీద అతను ఇంచుమించు నడినెత్తికి చేరాడు. చవక స్టాండ్లు అంత నిటారుగా ఎత్తితే గొట్టం కాళ్లకు కొట్టుకుంటుంది, లేదా చూసేవాళ్లు నేల మీద పడుకోవాల్సి వస్తుంది. కొనేముందు రెండు అడగండి: గొట్టం నిలువునా నిలుస్తుందా, కన్ను పక్కనుంచి ఆనించేలా 90 డిగ్రీల మలుపు అద్దం ఇస్తారా. 45 డిగ్రీల మలుపుది కొండలూ పక్షులూ చూడ్డానికి బాగుంటుంది, ఆకాశానికి మెడనొప్పి.

స్టాండు గట్టిదనాన్ని తేల్చడానికి వేలే చాలు. 70 రెట్ల దగ్గర ఏదైనా నక్షత్రాన్ని పెట్టి గొట్టాన్ని ఒకసారి మెల్లగా తట్టి అంకెలు లెక్కపెట్టండి. మూడు లోపల వణుకు ఆగితే మేలు రకం. ఆరేడు దాకా ఊగితే ఫోకస్ చక్రం ముట్టుకున్న ప్రతిసారీ గురుడు గిలగిలలాడతాడు. కింది అంతస్తుల్లో రాత్రింబవళ్లు సాంచాలు (మరమగ్గాలు) నడిచే బిల్డింగయితే స్లాబే అదురుతుంటుంది. అలాంటి ఇంటికి ఎంత గట్టి స్టాండు పంపినా లాభం లేదు, దాన్ని దించుకుని పార్కుకో స్కూలు మైదానానికో పట్టుకెళ్లేంత తేలికగా ఉందా అన్నది చూడండి. పగలంతా కాగిన స్లాబు రాత్రి తొమ్మిది, పది దాకా వేడి ఊపిరి వదులుతూనే ఉంటుంది, ఏసీ మిషన్ల గాలి దానికి తోడు. గ్రహం నీళ్లలో ఊగినట్టుంటుంది. తీరిగ్గా అర్ధరాత్రికి చూసేవాళ్లకే 100, 120 రెట్లు పనికొస్తాయి.

కొనుగోలుకు వద్దాం. ధరలు నెలనెలా మారతాయి కాబట్టి ఇవి చూచాయగా. ఐదు నుంచి ఎనిమిది వేలే ఉంటే టెలిస్కోప్ వద్దు, 10×50 బైనాక్యులర్ కొనండి. ఆరున్నర డిగ్రీల ఆకాశం ఒక్కసారిగా కనిపిస్తుంది, కృత్తికలకు దాన్ని మించింది లేదు, పిట్టగోడ మీద మోచేతులు ఆనిస్తే గురుడి చంద్రులూ కనిపిస్తారు. పది నుంచి పదిహేను వేలుంటే 70 మి.మీ. కటకం, 700 ఫోకల్ లెంత్, గట్టి ఆల్ట్ అజిముత్ స్టాండు, 25, 10 ఐపీస్‌లు. సూరత్‌లో ఉండే పదేళ్ల పిల్లకు నేను చెప్పేది ఇదే. పాతిక వేల పైన పెట్టగలిగితే బల్ల మీద కూర్చోబెట్టే 130 మి.మీ. అద్దం టెలిస్కోప్ ఉంది. సెలవుల్లో పిల్లను సాపుతారా తీసుకెళ్లే తండ్రి ఉంటేనే అది కొనండి. సూరత్‌కు సుమారు 160 కిలోమీటర్ల దూరంలో, దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న ఆ కొండ మీద ఆ 345 రెట్ల వెలుతురుకు అర్థం ఉంటుంది. అద్దాల్ని అప్పుడప్పుడు సరిచేసుకోవాలి, ఆ పని నేర్చుకునే ఓపిక కూడా ఉండాలి.

పెట్టెలో ఐపీస్‌కు బిగించే చిన్న నల్ల 'సన్ ఫిల్టర్' వస్తే పిల్ల చేతికి వెళ్లకముందే తీసి పారేయండి. కటకం కూడగట్టిన ఎండ సరిగ్గా అక్కడే పోగవుతుంది. ఆ గాజు పగిలితే కన్ను ఉండదు. సూర్యుణ్ణి చూడాలంటే గొట్టం ముందు భాగాన్ని పూర్తిగా మూసే సోలార్ ఫిల్టర్ మాత్రమే వాడాలి. 2009 జులై 22న సంపూర్ణ సూర్యగ్రహణం సూరత్ మీదుగానే వెళ్లింది, ఆషాఢ మబ్బుల చాటున. 2027 ఆగస్టు 2 సాయంత్రం పాక్షిక గ్రహణం పడుతుంది కాబట్టి ఆ రోజు ఇంట్లో ఎవరో ఒకరు టెలిస్కోప్ బయటికి తీయకమానరు.

పుట్టినరోజు వానాకాలంలో వస్తే కానుక దసరా దాకా ఆపడం మంచిది. మృగశిర కార్తె దాటిందంటే సూరత్‌లో నాలుగు నెలలు మబ్బే, పైగా తేమకు కటకం లోపల బూజు పడుతుంది. ఇప్పటికే కొనేసి ఉంటే గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టి, కార్తీకం వచ్చాక తీయమనండి.