రెండు ప్రభుత్వాలకూ నచ్చని కవి

ఒక ప్రభుత్వం ఓ కవి పుస్తకాన్ని అడ్డుకుంది. మూడేళ్లకే ఆ ప్రభుత్వం కూలిపోయి, దాని బద్ధశత్రువులు అధికారంలోకి వచ్చారు. ఇక ఆ కవికి మంచి రోజులు వచ్చినట్టే అనుకుంటాం కదా! క్రొయేషియా కవి, నాటక రచయిత రదోవాన్ ఇవ్‌షిచ్ విషయంలో అలా జరగలేదు. కొత్తవాళ్లకూ ఆయన కొరుకుడు పడలేదు.

ఇవ్‌షిచ్ 1921లో జాగ్రెబ్‌లో పుట్టారు. ఆయనకు ఇరవై ఏళ్లు వచ్చేసరికి క్రొయేషియా హిట్లర్ అండతో నడిచే ఉస్తాషేల చేతిలో ఉంది. 1942లో 'నార్సిస్' అనే దీర్ఘకవిత అచ్చువేశారు. అధికారులు దానికి 'పతనమైన కళ' అని ముద్రవేసి జప్తు చేశారు. నాజీలు తమకు నచ్చని ఆధునిక కళ మీద వేసే ముద్ర కూడా అదే.

మరొకరైతే అక్కడితో భయపడి ఊరుకునేవారేమో. ఈయన మాత్రం ఆ మరుసటేడు, 1943లో, 'రాజు గోర్దోగాన్' నాటకం రాశారు. గోర్దోగాన్ తన మనుషులనే చంపుకుంటూ పోయే రాజు. నవ్వొస్తుంది, ఆ నవ్వులోనే ఒళ్లు జలదరిస్తుంది. వీధుల్లో నిజంగానే మనుషులు మాయమవుతున్న రోజుల్లో, ఇరవై రెండేళ్ల కుర్రాడు రాసిన నాటకం అది!

1945లో టిటో నాయకత్వంలో కమ్యూనిస్టులు వచ్చారు. రచయితలు జనానికి అర్థమయ్యేలా, కొత్త సమాజ నిర్మాణానికి పనికొచ్చేలా రాయాలన్నది అప్పటి మాట. కలలకు, కోరికలకు, ఊహకు పగ్గాలు వేయకూడదనే సర్రియలిస్టుకి అందులో చోటెక్కడిది? ఇవ్‌షిచ్ సొంత రచనలకు తలుపులు మూసుకుపోయాయి. అప్పుడాయన అనువాదాలు చేశారు. రూసో, మారివో లాంటి ఫ్రెంచి రచయితలను క్రొయేషియన్‌లోకి తెచ్చారు.

ఆయన జీవితంలో నాకు బాగా నచ్చింది ఈ ఘట్టమే. జైలు, ఉరికంబం లాంటి కథలు మనకి చప్పున గుర్తుండిపోతాయి. కానీ అడిగింది రాసి ఇస్తే పేరొచ్చే రోజుల్లో, రాయకుండా ఏళ్ల తరబడి ఊరుకోవడం చిన్న విషయమా? దానికి చప్పట్లు కొట్టేవాళ్లు కూడా ఉండరు.

1954లో ఆయన పారిస్ చేరారు. అక్కడ ఆంద్రే బ్రెటన్, బెంజమిన్ పెరే పరిచయమయ్యారు. మన శ్రీశ్రీని కూడా ఆకర్షించిన సర్రియలిజానికి పెద్దదిక్కు ఈ బ్రెటనే. 1969లో ఆ బృందం చెదిరిపోయేదాకా ఇవ్‌షిచ్ అందులోనే ఉన్నారు. ఆయన కవిత 'మవేనా'కు 1960లో హువాన్ మీరో బొమ్మ వేశారు. 1966లో బ్రెటన్ చివరి రోజుల్లోనూ ఆయన పక్కనే ఉన్నారు. ఆ జ్ఞాపకాలు ఇవ్‌షిచ్ పోయాక పుస్తకంగా వచ్చాయి.

బృందం విడిపోయినా ఆయన ఆగలేదు. రచయిత్రి, జీవిత సహచరి ఆన్నీ ల బ్రన్, చెక్ చిత్రకారిణి టోయెన్, మరికొందరు మిత్రులతో కలిసి 1972లో ఓ చిన్న ప్రచురణ సంస్థ పెట్టారు. పేరు 'మాంతనాన్'. అంటే 'ఇప్పుడు' అని అర్థం. ఇరవై ఏళ్ల వయసు నుంచీ 'ఇప్పుడు కాదు' అనిపించుకున్న మనిషికి ఇంతకన్నా తగిన పేరు ఏముంటుంది!

సొంతూరు కూడా నెమ్మదిగా ఆయన్ని గుర్తుచేసుకుంది. 1974లో ఆయన కవితల సంపుటి 'చ్‌ర్నో' (నలుపు) జాగ్రెబ్‌లో వెలువడింది. 1979లో అక్కడే మొదలైన ఓ సాంస్కృతిక పత్రికకు 'గోర్దోగాన్' అనే పేరు పెట్టారు. ఒకప్పుడు వెలుగు చూడకుండా దాక్కున్న రాజు పేరు పత్రిక అట్టమీదికి ఎక్కిందన్నమాట.

ఇవ్‌షిచ్ 2009 డిసెంబర్ 25న, 88వ ఏట పారిస్‌లో కన్నుమూశారు. ఆయన్ని చదవాలనుకుంటే 'రాజు గోర్దోగాన్'తోనే మొదలుపెట్టండి. ఇంగ్లిష్ అనువాదం కూడా ఉంది. అందులో రాజు ఏ పార్టీవాడో ఇవ్‌షిచ్ చెప్పరు. రెండు ప్రభుత్వాలకూ కోపం రావడానికి అది చాలదూ?