వైద్యశాలలో అప్పగింత

తెలుగులో “అప్పజెప్పడం” అనే మాటకు రెండు అర్థాలున్నవి. మన చేతిలోని దానిని మరొకరి చేతిలో పెట్టడం ఒకటి. చదివిన పాఠాన్ని గురువుగారి ఎదుట పొల్లుపోకుండా తిరిగి చెప్పడం రెండవది. రెంటినీ ఒకే మాటలో ఇమిడ్చిన మన పెద్దల లోకజ్ఞానం మెచ్చదగినది. ఏలనంటే, ఇచ్చినవాడు ఇచ్చినంత మాత్రాన అప్పగింత ముగియదు. పుచ్చుకున్నవాడు తనకు ముట్టినదేమిటో తన నోట చెప్పినప్పుడే అది ముగుస్తుంది. బడిలో ఈ సంగతి మరచిపోతే రెండు మార్కులు పోతవి. వైద్యశాలలో మరచిపోతే ప్రాణానికే ముప్పు రావచ్చును.

శస్త్రచికిత్స అనగానే మన కన్నులకు కత్తి పట్టిన వైద్యుడే కనిపిస్తాడు. ఆయన కత్తి క్రింద పెట్టిన పిమ్మట జరిగే పనిని మనం తలపోయము. రోగిని ఆపరేషను గదినుండి ఇంటెన్సివ్ కేర్ వార్డుకు చేర్చి, అక్కడి వైద్యులకు, నర్సులకు అప్పగించవలె. రోగికి స్పృహ ఉండదు. తన సంగతి తాను చెప్పుకోలేడు. ఎంత రక్తం పోయినది, ఏ మందు ఎప్పుడు ఎంత ఇచ్చారు, ఏ మందు అతనికి పడదు, రాత్రి దేనిని కనిపెట్టి చూడవలె అన్నదంతా ఇతరులు చెప్పవలసినదే. గంటల తరబడి నిలబడిన సర్జను అలసి ఉంటాడు. మత్తు ఇచ్చిన వైద్యుడు తరువాతి రోగి కోసం తొందరపడుతూ ఉంటాడు. నర్సు చేతులు రెండూ గొట్టాలతో, తీగలతో నిండి ఉంటవి. అందరూ ఒక్కసారే మాట్లాడుతారు. “చెప్పాను గదా” అని ఒకరు, “నేను వినలేదే” అని మరొకరు తరువాత వాదించుకుంటారు. విచారిస్తే ఇద్దరూ చెప్పేది నిజమే.

లండనులోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ ఆసుపత్రి పసిపిల్లల చికిత్సకు పేరుపొందినది. అక్కడ గుండె శస్త్రచికిత్సలు చేసిన మార్టిన్ ఎలియట్, ఇంటెన్సివ్ కేర్ వైద్యుడు అలన్ గోల్డ్‌మన్ ఒకనాడు పని ముగించుకొని టెలివిజనులో ఫార్ములా వన్ కారు పందెం చూస్తున్నారు. పరుగు మధ్యలో కారు ఆగినది. ఇరవైమంది దాకా దానిని చుట్టుముట్టి, చక్రాలు మార్చి, ఇంధనం నింపి, కొద్ది సెకండ్లలో పంపివేశారు. ఎవరి పని వారిదే. కారును కదలనిచ్చే ఆజ్ఞ మాత్రం ఒక్కనిదే. ఆ దృశ్యం వారికి తమ వార్డును జ్ఞాపకం చేసినది. వారు ఇటలీలోని ఫెరారీ జట్టును కలుసుకొని తమ చిక్కును వివరించారు. విమాన చోదకుల సలహా కూడా తీసుకున్నారు.

దాని ఫలితంగా ఏర్పడిన పద్ధతి ఇది. ముందుగా యంత్రాలు, గొట్టాలు అమర్చవలె. అది పూర్తి అయ్యేదాకా రోగి విషయం ఎత్తరాదు. ఆ తరువాత మత్తు వైద్యుడు, ఆపైన సర్జను వరుసగా చెప్పవలె. తక్కినవారు మౌనంగా వినవలె. చివరకు ప్రశ్నలు, రానున్న గంటలలో చేయవలసిన పనుల చర్చ. ఈ తతంగానికంతటికీ పెద్ద మత్తు వైద్యుడే. పరిశీలించినవి 50 అప్పగింతలే అయినా ఫలితం స్పష్టంగా కనిపించినది. ఒక్కొక్క అప్పగింతలో పనిలో దొర్లే పొరపాట్లు సగటున 5.42 నుండి 3.15కు, చెప్పక విడిచిన విషయాలు 2.09 నుండి 1.07కు తగ్గినట్లు 2007లో ప్రకటించారు. పట్టే కాలం మాత్రం పెరగలేదు.

అయితే నియమాలు వ్రాసుకున్నంతనే సర్వమూ చక్కబడుతుందనుకోరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో శస్త్రచికిత్సకు ఒక జాగ్రత్తల పట్టిక రూపొందించినది. రోగి గదిని వీడకముందే సర్జను, మత్తు వైద్యుడు, నర్సు కలసి, అతడు కోలుకొనే వేళ గమనించవలసిన సంగతులు చెప్పుకోవలెనన్నది అందులో ఒక నియమం. న్యూఢిల్లీతో సహా ఎనిమిది నగరాలలో దీనిని పరీక్షించగా, మరణాలు నూటికి 1.5 నుండి 0.8కు తగ్గినట్లు 2009లో తేలినది. కాని కెనడాలోని ఒంటారియోలో 101 ఆసుపత్రులు అటువంటి పట్టికలనే చేపట్టినా, మరణాలలో చెప్పుకోదగిన తగ్గుదల కనిపించలేదని 2014లో వెల్లడైనది. కారణాలను గురించి వాదాలున్నవి. గడులలో గుర్తులు పెట్టడం వేరు, ఒకరి మాట ఒకరు వినడం వేరు అన్నది మాత్రం ఒప్పుకొనవలసిన మాట.

విన్నామనడానికి సాక్ష్యం తిరిగి చెప్పడమే. “ఈ మందు, ఇంత మోతాదు, ఇన్ని గంటలకు, అంతేనా?” అని పుచ్చుకున్నవారు అడగవలె. కాని పెద్ద సర్జనును అట్లా అడగడానికి కొత్తగా చేరిన నర్సు జంకుతుంది. ఆ జంకు చాలావరకు బడిలోనే మొలకెత్తుతుంది. “మళ్ళీ చెప్పండి, మాస్టారూ” అన్న పిల్లవానిని “ఇంతసేపూ ఏం వింటున్నావు?” అని కసరినప్పుడల్లా మనం ఆ మొలకకు చెంబెడు నీరు పోస్తున్నాము. రేపటి నర్సులు, వైద్యులు ఆ బల్లల మీదనే కూర్చుని ఉన్నారు. సోమవారం తరగతిలో అటువంటి చెయ్యి ఒకటి లేస్తే, ఉపాధ్యాయ మిత్రులు విసుగుకొనక మరొకసారి చెప్పి, ఆనక ఆ పిల్లవాని చేతనే అప్పజెప్పించుకొందురు గాక.