గుడ్డ టాపు జీపు – వాననీటి త్రోవ

వానకాలము రాబోవుచున్నదనగానే మనమందరము ఇంటి పెంకులు నేయించి, పగిలినవానిని మార్పించి, చూరు చక్కబెట్టుకొందుము. వాకిట నిలిచియుండు బండి పైకప్పును గూర్చి మాత్రము తలంచువారము కాము. అది పురుషుల పనియని మేమును చిరకాలము ఊరకుంటిమి. అందువలన పడిన కష్టమును, పిమ్మట నేర్చిన సంగతులను సోదరీమణులకు చెప్పవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మాది అమలాపురమునకు సమీపమున ఒక పల్లె. మా మామగారు కొనిన పాత జీపు ఒకటి మాకు మిగిలినది. దానికి ఇనుప కప్పు లేదు. వంచిన కమ్ములమీద రెగ్జిను టాపు పరచి, అంచులను పట్టీలతోను టిచ్ బటన్లతోను బిగించియుందురు. ఎండకాలమున విప్పి వెనుకకు మడుచుకొనవచ్చును. మావారు బడిపంతులు, మరియొక బండి కొనుమాట మాయింట పుట్టదు. కొన్నను మా అత్తగారు ఎక్కరు. ఆమెకు అది భర్తగారి బండి.

2024వ సంవత్సరము జూన్ నెలలో కాకినాడలో అత్తగారి కుడికంటికి శుక్లము తీసిరి. కొన్ని వారములవరకు ఆ కంటిలో నీటిబొట్టు పడరాదని డాక్టరుగారు మరిమరి చెప్పి పంపిరి. తిరిగి వచ్చునపుడు యానాము దాటి గౌతమిమీది వంతెన ఎక్కుచుండగా వాన అందుకొన్నది. అంతవరకు పొడిగా నున్న టాపునుండి ఒక చుక్క వెనుకసీటులో నున్న అత్తగారి నుదుటిమీద పడెను. వెంటనే మరియొకటి. కొంగు అడ్డుపెట్టితిమి, కొంగు తడిసెను. తుదకు టిఫిను క్యారియరు మూతను ఆమె ముఖముపై గొడుగువలె పట్టి, ఇల్లు చేరువరకు చేయి దింపలేదు. "ఏమే అమ్మాయ్, ఈ వయస్సులో నాకు తెర పడుతున్నావా?" అని ఆమె నవ్విరి గాని మాకు నవ్వు రాలేదు. కంటికి హాని కలుగలేదు. అయినను ఎడమకంటికి ఆగస్టులో చికిత్స చేయుదుమని అప్పటికే చెప్పియుండిరి. ఆగస్టనగా మాకు గోదావరి నిండుకాలము.

సీట్లు కుట్టువానిని పిలిపింపగా అతడు చుక్క పడినచోట కొలిచి, సరిగా దానిపైన ఒక అతుకు వేసి కుట్టిపోయెను. మరునాటి వానకు రెండుచోట్ల కారెను. "టాపంతా మార్చాలమ్మగారూ" అని అతడు చెప్పిన మొత్తము విని మావారు మాటాడక బడికి వెడలిపోయిరి.

పొగను చూచి నిప్పు నూహింపవచ్చునని తర్కశాస్త్రము చెప్పును. నీటివిషయమున ఆ యూహ తరచుగా మోసపుచ్చును. నీరు ఒకచోట చొచ్చి, గుడ్డ అడుగుభాగమును పట్టుకొని మూరెడు దూరము ప్రాకి, అడ్డముగా కమ్మి తగిలినచోట చుక్కయై రాలును. ఇంటి దూలము వెంట కారు నీటిని చూచినవారికి ఇది క్రొత్తగాదు. మాకును తెలిసినదే, జీపునకు అన్వయించుకొనుటకు మాత్రము ఇన్నాళ్లు పట్టెను.

ఒక ఆదివారము మ్యాట్లన్నియు తీసి ఎండవేసితిమి. వాని క్రింద నేల తడిసి, రంగు పొక్కి, తుప్పు పొరలుగా లేచుచున్నది. పైన పడిన చుక్కలనే తలంచితిమి గాని క్రింద నిలిచిన నీటిని ఎవరమును చూడలేదు. పిమ్మట మా పెద్దవానిని టార్చిలైటుతో లోపల కూర్చుండబెట్టి, తలుపులు మూసి, చెంబుతో మెల్లగా నీరు పోయసాగితిమి. గొట్టముతో వేగముగా కొట్టరాదు. కొట్టినచో ఎన్నడును చొరనిచోట కూడ నీరు చొచ్చి మనలను దారి తప్పించును. క్రిందినుండి పైకి పోవలెను. మొదట తలుపుల అంచులు, తరువాత ముందటి అద్దపుచట్రము, కడపట టాపుమీది కుట్లు. ఒక్కొక్కచోట అయిదునిమిషములైన ఆగవలెను. పైనుండి మొదలిడినచో నీరు అన్నిటిని తడుపుచు దిగును గనుక దోషము దేనిదో తేలదు. లోపలి అంచులవెంట పౌడరు చల్లియుంచినచో నీరు ప్రాకిన జాడ గీతవలె కనబడును. మేము ముగ్గుపిండి చల్లబోయితిమి. ఇసుక రబ్బరును గీయునని మావారు వారించిరి. ఆ మాట నిజమే.

గంటసేపు పోసినను ఒక చుక్కయు రాలలేదు. మా పెద్దవాడు లోపల నిద్రపోయెను. అప్పుడు అత్తగారు అరుగుమీదనుండి "ఆవేళ బండి వంతెన ఎక్కుతోంది కదటే" అనిరి. చూడగా మా వాకిలి వీధివైపునకు వాలి, జీపు ముక్కు క్రిందికున్నది. దానిని త్రిప్పి ముక్కు ఎత్తుగా నుండునట్లు నిలిపి మరల పోసితిమి. అద్దపుచట్రమునకు పైనున్న అడ్డకుట్టుమీద నీరు నిలిచిన నాలుగవ నిమిషమున, వెనుకసీటుపైని కమ్మినుండి చుక్క రాలెను. కుట్టువాడు వేసిన అతుకునకును ఆ చోటునకును రెండు మూరల దూరము. అతుకు చుట్టును క్రొత్తగా కారుచుండుటకు కారణము వాని సూదియే. కుట్లు మిక్కిలి దగ్గరగా వేయుటచే రెగ్జిను తపాలబిళ్ళ అంచువలె చిల్లులు పడియున్నది.

ఈ కష్టము పాతది. 1823లో స్కాట్లండు దేశస్థుడు చార్లెస్ మాకింటోష్ రెండు గుడ్డలనడుమ రబ్బరు పొరనుంచి నీరు చొరని బట్టను చేయు పద్ధతికి పేటెంటు పొందెను. బట్ట మంచిదే. దర్జీలు దానిని కోట్లుగా కుట్టినపుడు సూది దిగిన ప్రతిచోటను నీరు చొచ్చెను. నేటి విలువైన మడతటాపు కార్లకును ఆ రీతి మూడుపొరల గుడ్డనే వాడుదురు. గుడ్డను నిందింపకముందు కుట్టును, అంచును చూడవలెనన్నమాట. అమెరికాలో నున్న మా పినతల్లి కూతురి కారులో సీటువెనుక మడమ మునుగునంత నీరు నిలువగా క్రొత్త టాపు వేయింపబోయినదట. తీరా చూడగా టాపునీటిని క్రిందికి వదలు సన్నని గొట్టములలో ఆకులు క్రుళ్ళి అడ్డుపడియున్నవి.

మా జీపునకు చేసినది ఇంతే. పనికిమాలిన అతుకును తీయబోలేదు. తీసినచో చిల్లులే మిగులును. టాపును తేలిక సబ్బునీటితో కడిగి, మంచినీటితో సబ్బు పోవువరకు జారవిడిచి, రెండు దినములు ఆరనిచ్చితిమి. కుట్లవెంట స్పిరిటు అద్దిన గుడ్డతో తుడిచి, గొట్టములలో దొరకు పాలీయురెథేను సీలెంటును సన్నని కుంచెతో పైవైపున పలుచగా పూసి, రాత్రి ఆరినపిమ్మట మరియొక పూత వేసితిమి. సిలికాను వలదు. అది రెగ్జినును గట్టిగా పట్టదు. తరువాత మరేదియు దానిపై అంటదు. మేము కోనసీమవారము గనుక మెరుపుకొరకు టాపునకును కొబ్బరినూనె రుద్దు అలవాటు మాయింట నుండెను. నూనె యున్నచోట సీలెంటు నిలువదు గనుక ఆ అలవాటు మానితిమి. కిరసనాయిలు తుడుచుట అంతకంటె చెరుపు. రెగ్జిను బిరుసెక్కి పగులును.

నూలు కాన్వాసు టాపు గలవారికి వేరు సంగతి. తడిసినపుడు నూలుపోగులు ఉబ్బి సందులను తామే మూసికొనును. వానలో లోపలినుండి దానిని వ్రేలితో తాకినచో తాకినచోటనే చుక్క దిగును. పిల్లలకు ఈ సంగతి ముందుగా చెప్పవలెను. దాని కుట్లకు తేనెమైనము రుద్దవచ్చును. ఏ టాపునైనను తడిగా మడిచినచో బూజుపట్టుట నిశ్చయము. క్రొత్తగా కుట్టించువారు నైలాను కంటె పాలియెస్టరు దారము నడుగుట మేలు. ఎండకు అది ఎక్కువకాలము ఓర్చును.

తలుపుల రబ్బరు బీడింగును కాగితపుముక్కతో పరీక్షించితిమి. కాగితమును నడుమనుంచి తలుపు మూసి లాగినచో బిగువుగా రావలెను. మా జీపునకు ఎడమవైపున నాలుగుచోట్ల ఊరకయే వచ్చెను. ఆ బీడింగు మార్పించితిమి. నేల తుప్పును గీకించి రంగు వేయించుటకే అన్నిటికంటె ఎక్కువ ఖర్చయినది.

ఆగస్టులో కాకినాడనుండి తిరిగి వచ్చునపుడు అదే వంతెనమీద వాన పట్టుకొన్నది. అత్తగారు టిఫిను క్యారియరు మూతను ఒడిలో సిద్ధముగా నుంచుకొని, కట్టుకట్టిన కంటితో టాపువైపు తలయెత్తి కూర్చుండిరి. వంతెన ఎక్కితిమి, దిగితిమి; వెనుకసీటులో చుక్క పడలేదు. ముందర మాత్రము మావారి కుడిమోకాలు తడిసెను. ఆవైపు తలుపు బీడింగును ఇంకను చూడవలసియున్నది.